మట్టి మోయడానికి అంత దూరం పోవాలా?

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలో ఒక పల్లె. ఎం.ఏ. ఆర్కియాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. జోర్డాన్‌లో జరిగే ఒక తవ్వకాల శిబిరానికి దరఖాస్తు పెడితే సీటు వచ్చింది. జూన్‌లో ఐదు వారాలు. కొత్తరాతి యుగం నాటి ఊరు అట. ఫీజు, విమానం టికెట్, పై ఖర్చులు అన్నీ కలిపి రెండు లక్షల డెబ్బై వేల దాకా అవుతుంది. అమ్మ బంగారం కుదవపెట్టి, చాలకపోతే చేను మీద అప్పు తెస్తానని మా నాయన అంటున్నాడు. అమ్మకేమో సమాధులు, ఎముకలు తవ్వుతారని భయం. క్లాసులో వాళ్ళు "మట్టి మోయడానికి అంత దూరం పోవాలా, ఇక్కడ మట్టి లేదా" అంటున్నారు. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, మాట్లాడాలంటే నోరు రాదు. చిన్నప్పుడు అవ్వతో కలిసి వానల్లో వజ్రాలు వెతకడం తప్ప నాకు ఫీల్డు పనిలో వేరే అనుభవం లేదు. పోవాలని చాలా ఉంది. టెన్షన్‌గానూ ఉంది. చదువుకునే రోజుల్లో మీరు ఆ దేశానికే పోయి వచ్చారని మా సార్ చెప్పారు. ఏం చేయమంటారు?
— ఒక విద్యార్థిని, తుగ్గలి మండలం

సమాధానం:

అమ్మా, ముందు డబ్బు సంగతి తేల్చుకుందాం. నువ్వు అడిగిన మిగతావాటికి నా దగ్గర సంతోషంగా చెప్పే జవాబులున్నాయి. దీనికి మాత్రం గట్టిగా చెప్పాల్సి ఉంది.

చేను మీద అప్పు వద్దు. మీ నాయనకు నీ మీద ఉన్న ప్రేమ ఆ మాటలో కనిపిస్తోంది. అయినా వద్దు. ఒక్క ఏడాది అదునులో వాన పడకపోతే వేరుశనగ రైతు ఇంట్లో ఏమవుతుందో మన సీమలో పుట్టిన నీకు నేను చెప్పక్కర్లేదు. ఐదు వారాల శిబిరానికి ఆ నేలను పణం పెట్టకూడదు. బంగారం అమ్మది. కాబట్టి దాని మాట అమ్మే చెప్పాలి, నాయన కాదు. ఆమెతో విడిగా కూర్చుని అడుగు. మనసారా సరే అంటే, ఏడాదిలో విడిపించుకునే దారి మీ లెక్కలో కనిపిస్తే, అప్పుడు ఆలోచించవచ్చు.

అంతకన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. తవ్వకం నడిపే డైరెక్టర్‌కు ఈ వారంలోనే ఉత్తరం రాయి. "నాకు సీటు ఇచ్చినందుకు కృతజ్ఞతలు. మాది వ్యవసాయ కుటుంబం. పూర్తి ఫీజు కట్టలేను. ఎంతవరకు తగ్గించగలరు? బదులుగా కుండపెంకులు కడగడం, నంబర్లు వేయడం లాంటి అదనపు పని చేయడానికి సిద్ధం" అని నాలుగు ముక్కలు చాలు. ఇలా అడగడం మనకు నామోషీగా ఉంటుంది. నాకూ ఉండేది. కానీ ఇలాంటి శిబిరాలు చాలావాటిలో ఒకరిద్దరికి ఫీజు తగ్గించే వీలుంటుంది. అది అడిగినవాళ్ళకే దక్కుతుంది. నేను జోర్డాన్ పోయినప్పుడు మా అధ్యాపకురాలు పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఉత్తరం రాయించింది కాబట్టే పోగలిగాను. మీ సార్ చేత కూడా ఒక సిఫారసు లేఖ రాయించు. వాళ్ళు తగ్గించలేమంటే ఈ ఏడాది ఆగు. తొమ్మిది వేల ఏళ్ళు ఆగిన ఊరు ఇంకో ఏడాది నీకోసం ఆగుతుంది.

ఇంకో మాట కూడా ఇప్పుడే తెలుసుకో. ఈ శిబిరం సర్టిఫికెట్‌తో ఉద్యోగం రాదు. ఉద్యోగం దారి వేరే ఉంది. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ వాళ్ళు గ్రేటర్ నోయిడాలోని తమ ఇన్‌స్టిట్యూట్‌లో రెండేళ్ళ పీజీ డిప్లొమా నడుపుతారు. ఎంపికైనవాళ్ళకు స్టైపెండ్ కూడా ఇస్తారు. నీ ఎం.ఏ. అయ్యాక దానికి తప్పకుండా దరఖాస్తు పెట్టు. జోర్డాన్‌లో దొరికేది సర్టిఫికెట్ కన్నా విలువైనదే, కాకపోతే నాయనకు ముందే నిజం చెప్పి పోవాలి.

ఇక మట్టి సంగతి. నీ క్లాసు పిల్లలు చెప్పింది నిజమే, మట్టే మోస్తావు. పాత టైర్ల రబ్బరుతో చేసిన గంపలుంటాయి, వాటిని అక్కడ గుఫా అంటారు. తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ముగిస్తారు. ఆ ఎనిమిది గంటల్లో ఎన్ని గుఫాలు మోశావో సాయంత్రం నీ భుజాలు చెబుతాయి. కానీ గుఫాలోకి ఏ మట్టి పోతోంది, ఎందుకు పోతోంది అన్నది నేర్చుకోవడానికే అంత దూరం పోవడం. నాకు జరిగింది చెబుతాను.

మొదటి వారం అది. ఐదు మీటర్ల చదరపు గుంతలో ఒక మూల నాకిచ్చారు. చేతిలో తాపీ. మా చేలో కలుపు తీసినంత వేగంగా గీకుతున్నాను, పని బాగా చేస్తున్నానని లోపల సంతోషం కూడా. పక్కన ఆ ఊరి పెద్దాయన ఒకాయన పనిచేసేవాడు. చాలా ఏళ్ళుగా తవ్వకాల్లో చేయి తిరిగినవాడు. ఉన్నట్టుండి తన తాపీని నా తాపీకి అడ్డంగా పెట్టి "షువై, షువై" అన్నాడు. మెల్లగా, మెల్లగా అని. వేలితో కిందికి చూపించాడు. వంగి చూశాను. నేను గీకిన చోట అంచులో తెల్లటి గీత ఒకటి, చపాతీ మందం కూడా లేదు. దాని పైన ఎర్రటి పూత. ఇంటి నేల అది. సున్నంతో అలికి, ఎర్రమన్ను పూసి, నున్నగా రుద్దిన నేల. జానెడు పొడవున దాన్ని నేను కోసేశాను.

ఆ రాత్రి అన్నం సయించలేదు. రెండు రోజుల తర్వాత గుంత పక్కగోడను బ్రష్‌తో శుభ్రం చేసి, నీళ్ళు చిలకరించి చూస్తే అదే నేల గోడలో కనిపించింది. తెలుపు, ఎరుపు. దాని మీద మళ్ళీ తెలుపు, మళ్ళీ ఎరుపు. ఏడు సార్లు. చిన్నప్పుడు ఉరవకొండ దగ్గర మా ఊళ్ళో ప్రతి ఉగాదికీ గోడలకు సున్నం కొట్టి, అడుగున జాజు, అంటే ఎర్రమన్ను పట్టీ వేసేవాళ్ళం. ఎక్కడైనా పెచ్చు ఊడితే దాని అంచులో ఏడాదికో పొర లెక్కపెట్టడం మా పిల్లల ఆట. అక్కడ ఆ గుంతలో కూర్చుని అదే ఆట ఆడాను. ఎవరో ఏడుసార్లు ఆ ఇల్లు అలుక్కున్నారు. పేరు తెలియదు, భాష తెలియదు. చేతి పని మాత్రం తెలుస్తోంది.

మా గుంతకు బాధ్యురాలైన ఆవిడ నన్ను తిట్టలేదు. ఫారం ముందు పెట్టి, "ఏం తెగింది, ఎంత పొడవు, ఎవరి వల్ల, అన్నీ రాయి" అంది. నా పేరుతో రాశాను. తవ్వడమంటే ఆ చోటును లేకుండా చేయడమేనమ్మా. తర్వాత మిగిలేవి కాగితం మీద రాసింది, గీసింది, సంచిలో కట్టి చీటీ పెట్టింది, అంతే. నా పొరపాటు రాయకపోతే రేపు ఇంకొకరు ఆ కోతను చూసి, పూర్వం వాళ్ళే అక్కడ గుంత తీశారని అనుకుంటారు. ఈ ఒక్క అలవాటు పట్టుబడితే నీ ఐదు వారాలు వృథా కానట్టే.

వజ్రాలు వెతకడం తప్ప అనుభవం లేదని రాశావు చూడు, అక్కడ నాకు భలే సంతోషమేసింది. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలలోకి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి తల వంచుకుని నడుస్తారు కదా. ఎండ ఏ పక్క నుంచి పడితే రాయి మెరుస్తుందో, వాన కడిగిన మట్టిలో ఏది పరాయిదో మీ అవ్వకు తెలుసు. పురావస్తు సర్వేలో చేసేదీ ఆ నడకే. కొన్ని మీటర్ల ఎడంతో వరుసగా నిలబడి, నేల మీద చూపు పెట్టి, పొలమంతా నడుస్తారు. తేడా ఒక్కటే. వజ్రం వెతికేవాళ్ళు ఒక్క రాయి తీసుకుని మిగతావి వదిలేస్తారు. సర్వే చేసేవాళ్ళు ప్రతి పెంకూ ఎక్కడ, ఎన్ని, ఏ రకం అని రాసుకుంటారు. నీకు మొదటి సగం వచ్చు. రెండో సగం అక్కడ నేర్పుతారు.

కాబట్టి పోయేముందు మీ నేలను ఒకసారి చూసి పో. మీ మండలంలోనే ఎర్రగుడి అశోకుడి శాసనాలున్నాయి, 1929లో బయటపడ్డాయి. అక్కడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, మడక కట్టిన ఎద్దులు చాలు తిరిగినట్టు. అశోకుడి శాసనాల్లో ఇలాంటిది చాలా అరుదు. నీ ఇంటి దగ్గర ఉంది, చూశావా? బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలకూ పో. 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు ఆ గుహల్లో తవ్వి జంతువుల ఎముకలు గుట్టలుగా తీశారు. బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం బూడిద పొర ఉంది, 74,000 ఏళ్ళ నాటిది. ఆ బూడిదకు కిందా పైనా కూడా మనుషులు చేసిన రాతి పనిముట్లు దొరికాయని 2007లో రవి కోరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం ప్రకటించినప్పటి నుంచి ఆ పల్లె పేరు ప్రపంచంలో పురావస్తు చదివినవాళ్ళు చాలామందికి తెలుసు. మొదటి రోజు "మీదెక్కడ?" అని అందరూ అడుగుతారు. ఇండియా అని ఊరుకోకు. జ్వాలాపురం పక్క జిల్లా అను. ఎలా లేచి కూర్చుంటారో చూడు.

అక్కడ నీకు కొత్తగా అనిపించేవి నిజానికి కొంచెమే. మనం పాటిదిబ్బ అనేదాన్ని అక్కడ తెల్ అంటారు. మన వంకే వాళ్ళ వాదీ. గుంతకూ గుంతకూ మధ్య వదిలేసే మట్టిగట్టును చేలో గట్టులాగే తొక్కకుండా కాపాడాలి. ఇలా గట్లు వదిలి గళ్ళుగా తవ్వే పద్ధతిని మార్టిమర్ వీలర్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త 1947లో బ్రహ్మగిరిలో వాడాడు. బ్రహ్మగిరి కర్ణాటకదే అయినా మన రాయదుర్గానికి దగ్గరే. ఆయన దగ్గర పని నేర్చుకున్న కాథ్లీన్ కెన్యన్ అదే పద్ధతితో 1952 నుంచి 1958 దాకా జోర్డాన్ నదికి పడమటనున్న జెరికో అనే పాత ఊరిని తవ్వింది. అంటే నువ్వు అక్కడ పట్టుకునే పద్ధతి ఒకప్పుడు మన సరిహద్దులో నడిచిందే.

అమ్మ భయం గురించి. సమాధి ఎదురుకావచ్చు, కాదనను. ఆ కాలపువాళ్ళు చాలాచోట్ల పోయినవాళ్ళను ఇంటి నేల కిందే పూడ్చుకున్నారు. ఎముక కనబడగానే అందరూ గొంతు తగ్గిస్తారు, వెదురు పుల్లలతో, మెత్తటి బ్రష్‌తో పని చేస్తారు. ఆ పనిలో ఉండాలా వద్దా అన్నది నీ ఇష్టం. ముందే చెబితే ఎవరూ బలవంతం చేయరు. అమ్మకు ఇంకోటి గుర్తుచెయ్. మన గుట్టల్లో రాకాసి గుళ్ళు, పాండవుల గుళ్ళు అని పిలిచే రాతిపలకల గూళ్ళున్నాయి కదా. అవీ సమాధులే. వాటి నీడలో గొర్లకాపర్లు సద్దిమూట విప్పుకుంటారు. జోర్డాన్ కొండల మీదా అలాంటి రాతిగూళ్ళున్నాయి. వాటికీ మనవాటికీ చుట్టరికం లేదు, కాలాలు వేరు. కానీ మొదటిసారి ఒకటి చూసినప్పుడు నాకు మా ఊరి గుట్టే గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి.

అయితే అమ్మకు ఎముకల కన్నా ముందు రొట్టె కథ చెప్పు. జోర్డాన్ ఈశాన్యంలో షుబయ్కా అనే చోట పాత పొయ్యిలో నల్లగా మాడిన చిన్న తునకలు దొరికాయి. మైక్రోస్కోపు కింద చూస్తే అవి రొట్టె ముక్కలు. 14,400 ఏళ్ళ నాటివి. అప్పటికి ఎవరూ సేద్యం మొదలుపెట్టలేదు. అడవి గింజలు ఏరుకొచ్చి, దంచి, పిండి చేసి కాల్చుకున్నారన్నమాట. 2018లో ఈ సంగతి ప్రకటించారు. ఇలాంటి మాడిన తునకలను పట్టేదెలాగంటే, పొయ్యి మట్టిని సంచుల్లో కట్టి తెచ్చి నీళ్ళలో కలుపుతారు. మట్టి అడుక్కి దిగుతుంది, మాడిన గింజ పైకి తేలుతుంది. అమ్మ ఉలవలు కడిగేటప్పుడు పొల్లు తేల్చి పారబోస్తుంది కదా, అదే కిటుకు. ఇక్కడ తేలినదాన్ని దాచుకుంటారు.

ఈ పని మాత్రం అడిగి మరీ నేర్చుకో. గుంతలో పనికి అందరూ ఎగబడతారు, నీళ్ళ తొట్టి దగ్గరికి ఎవరూ రారు. మన సీమకు అత్యవసరంగా కావాల్సిన విద్య అదే అని నా నమ్మకం. మా ఉరవకొండ వైపు వేల్పుమడుగు, మీ వైపు ఆలూరు దగ్గర హత్తిబెళగల్, కడప జిల్లా పెద్దముడియం మట్టిని డోరియన్ ఫుల్లర్ అనే వృక్ష పురావస్తు పరిశోధకుడు ఇలాగే నీళ్ళలో తేల్చి చూశాడు. ఈ చుట్టుపక్కల కొత్తరాతి యుగపు ఊళ్ళలో జనం ప్రధానంగా తిన్నవేమిటో అలా తెలిసింది. ఉలవలు, పెసలు, అండుకొర్రలు. మూడు నాలుగు వేల ఏళ్ళ కిందటి మాట. ఈ పని చేయగలిగినవాళ్ళు మన జిల్లాల్లో ఎంతమంది ఉన్నారో మీ సార్‌నే అడుగు. నువ్వు నేర్చుకుని వస్తే తొట్టి, జల్లెడ, పల్చటి గుడ్డతో మీ డిపార్ట్‌మెంట్ వెనక పెరట్లోనే మొదలుపెట్టవచ్చు.

ఇంగ్లీషుకు భయపడకు. గుంతలో మాటలు తక్కువ, చూపించడం ఎక్కువ. మట్టి రంగు, గట్టిదనం, గవ్వలున్నాయా, బొగ్గుందా, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, ఫారంలో అడిగేవి ఇవే. ఓ యాభై మాటలు ముందే నోట్‌బుక్‌లో రాసుకుని పైకి చదువు. నీకు నిజంగా సాయపడేది బొమ్మ గీయడం. మీ పెరట్లో చెత్తగుంత ఉంటే దాని పక్కగోడను పారతో నిలువుగా చెక్కి, దారం కట్టి, గ్రాఫ్ కాగితం మీద పొరలు గీయడం ఇప్పటి నుంచే మొదలుపెట్టు. బాగా గీసేవాళ్ళకు భాష రాకపోయినా పని ఇస్తారు. అర్థం కానిది రెండోసారి అడుగు. నేను మొదటి వారం అన్నిటికీ తలూపి చాలా పోగొట్టుకున్నాను.

పాస్‌పోర్టు చూసుకున్నావా? జోర్డాన్ ఈసీఆర్ జాబితాలో ఉన్న దేశం, అంటే పాస్‌పోర్టులో ఈసీఆర్ ముద్ర ఉన్నవాళ్ళు అక్కడికి ఉద్యోగానికి పోవాలంటే ముందు మన ప్రభుత్వ అనుమతి కావాలి. మన కడప, రాయచోటి నుంచి కువైట్ పోయేవాళ్ళ ఇళ్ళలో ఈ మాట తెలియనివాళ్ళుండరు. పదో తరగతి పాసైనవాళ్ళకు ఆ ముద్ర ఉండనక్కర్లేదు. నీ పాస్‌పోర్టులో ఉంటే మార్కుల మెమో పెట్టి తీయించుకో. ఆ ప్రాంతంలో పరిస్థితులు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు మన విదేశాంగ శాఖ సూచనలు చదువు. అమ్మాన్‌లో మన రాయబార కార్యాలయం నంబరు మీ ఇంట్లో గోడ మీద రాసిపెట్టి పో. తవ్వకానికి ఆ దేశపు పురావస్తు శాఖ అనుమతి ఎవరి పేరున ఉందో డైరెక్టర్‌ను అడుగు. ఇది అడగదగిన ప్రశ్నే, మంచివాళ్ళు వెంటనే చెబుతారు.

ఆడపిల్లగా అడగాల్సినవి కూడా ఉత్తరంలోనే అడుగు. సైట్ దగ్గర మరుగుదొడ్డి ఉందా, ఎంత దూరం? పడక ఎవరితో? ఎవరైనా హద్దు దాటితే ఫిర్యాదు ఎవరికి చెయ్యాలి, వాళ్ళు ఆడవాళ్ళా? జవాబులో దాటవేత కనిపిస్తే ఆ శిబిరం ఎంత పేరున్నదైనా వద్దు. నెలసరి రోజుల్లో నీడలో పని, పెంకులు కడిగే పని అడగడం తప్పు కాదు. ఐదు వారాలకు సరిపడా ప్యాడ్లు ఇక్కడి నుంచే తీసుకెళ్ళు. వదులుగా ఉండే పొడుగు చేతుల చొక్కాలు, తలకు పెద్ద నూలు చున్నీ, బాగా నడిచి పాతబడిన బూట్లు. ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకో. తిండికి ఇబ్బంది లేదు. తొమ్మిదిన్నరకు పని ఆపి టిఫిన్ పెడతారు. రొట్టె, శనగల ముద్ద, టమాటా, కీరదోస, చక్కెర ఎక్కువేసిన టీ. మాంసం తినకపోయినా కడుపు నిండుతుంది. ఊరగాయ మాత్రం పట్టుకుపో, మూడో వారానికి దాని విలువ తెలుస్తుంది.

పెంకు ముక్క ఒక్కటి కూడా జేబులో వేసుకుని రాకు, ఎంత చిన్నదైనా. అక్కడి చట్టం ఒప్పుకోదు. మన దగ్గరా 1972 చట్టం ప్రకారం పురావస్తువులను దేశం దాటించడం నేరమే. ఆ పెద్దాయన లాంటివాళ్ళు నీకు పని నేర్పుతారు. వాళ్ళ పేర్లు నీ నోట్‌బుక్‌లో రాసుకో, అదే తెచ్చుకో.

ఉత్తరం ఈ వారమే రాయి. జవాబు ఏమొచ్చినా నాకు తెలియజేయి. పోవడం ఖాయమైతే కర్నూలులో ఇనుప సామాన్ల అంగట్లో చిన్న తాపీ కొనుక్కో. పిడి దగ్గర అతుకు లేకుండా ఒకే ఇనుముతో చేసినది చూసి తీసుకో, అతుకేసినవి గట్టినేలలో విరిగిపోతాయి. విమానంలో దాన్ని చేతిసంచిలో పెట్టకు, చెకింగ్‌లో తీసేసుకుంటారు. పెద్ద బ్యాగులో, బట్టల మధ్య పెట్టు.